తపాలా బిళ్ళంత చర్మం

ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు బయట
ఫిబ్రవరి 9

చెల్లెలికి,

నాలుగేళ్ళ తర్వాత రాస్తున్నాను. ఫోను చేయొచ్చు. నువ్వు ఎత్తవేమోనన్న భయం కొంత, ఎత్తితే నా నోట మాట రాదేమోనన్న భయం కొంత. కాగితమైతే మధ్యలో ఎన్నిసార్లు ఆగినా ఎవరికీ తెలియదు.

మీ బావ ఒళ్ళు కాలింది. లాండ్రీలో బాయిలరు నుంచి వచ్చే ఆవిరి గొట్టం అతుకు దగ్గర పగిలింది. ఆయన గొట్టానికి వీపు పెట్టి, వాల్వు కట్టేయడానికి అటు తిరిగారు. అందుకని ముఖం, ఛాతీ మిగిలాయి. వీపు, చేతుల వెనక వైపు, కాళ్ళు కాలిపోయాయి. మూడింట రెండు వంతుల చర్మం లేదని డాక్టరమ్మ చెప్పింది. వేరే చోట నుంచి తీసి అతకడానికి ఆయన ఒంటి మీద మిగిలింది చాలదట.

ఈ ఉదయం ఆయన తొడ లోపలి వైపు కాలకుండా మిగిలిన చోటు నుంచి తపాలా బిళ్ళంత ముక్క కోశారు. దాన్ని పంపిస్తే అక్కడ కొత్త చర్మం పెంచుతారట. ఎక్కడికి అని అడిగితే మీ ప్రయోగశాల పేరు చెప్పింది.

అమ్మ ఆఖరి రోజుల్లో నువ్వు రాలేదని నేనన్న మాటలు నాకు గుర్తున్నాయి. ఎవరో పరాయివాళ్ళ చర్మం నీకు అమ్మకంటే ఎక్కువైందా అన్నాను. ఇప్పుడు వాటిని వెనక్కి తీసుకుంటే అవసరం కొద్దీ అంటావు. అనుకో. ఒక్కటి మాత్రం నిజం చెప్పు. అంత ముక్కతో మనిషి వీపు నిండుతుందా? లేక నా మొహం చూసి జాలిపడి చెబుతున్నారా?

మీ వ్యాను డ్రైవరు వారానికి రెండుసార్లు వస్తాడట. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

అక్క


ప్రయోగశాల, వెనక గది
ఫిబ్రవరి 12

అక్కకు,

నిండుతుంది. ముందు ఆ మాట చదువుకో. మిగతాది తర్వాత.

మా దగ్గరికి రోగుల పేర్లు రావు, అంకెలే వస్తాయి. కానీ డ్రైవరు పెద్దాయన ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో నీ ఉత్తరం అందించాడు. కవరు మీద నీ అక్షరాలు చూశాను. కుట్టు వేసినట్టు ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా వరస తప్పకుండా. చింపకముందే ఏదో జరిగిందని తెలిసిపోయింది.

మా ప్రయోగశాల నడిపే పెద్దమేడమ్ దగ్గరికి వెళ్ళి, ఇది మా బావది, నేను చేయొచ్చా అని అడిగాను. ఆవిడ నా చేతుల వంక చూసింది. “వణికితే తప్పుకో. వణక్కపోతే వెళ్ళి పని చూడు,” అంది. వణకలేదు.

ముక్కను సన్నగా తరిగి, అంటుకుని ఉన్న కణాలను విడదీశాను. వాటిలో కొన్నింటిని గడ్డకట్టించి దాచాం, అది మా అలవాటు. మిగతావి గిన్నెల్లో పరిచాను. గిన్నె అడుగున ముందే వేరే రకం కణాల పరుపు ఒకటి ఉంటుంది. అవి ఇక పెరగవు, పైవాటికి మేత అందించి పోతాయి. ఒంటి వేడి ఎంతుంటుందో అంతే వేడి ఉండే పెట్టెలో అన్నిటినీ పెట్టాను. బావ కణం ఒకటి సుమారు రోజుకొకసారి రెండవుతుంది. పద్నాలుగు సార్లు అలా రెట్టింపైతే ఒక్కటి పదహారు వేలు దాటుతుంది. లెక్క రాసి చూసుకో, నేనూ మొదట్లో నమ్మలేదు. మూడు వారాలు ఓపిక పట్టు.

అమ్మ సంగతి గురించి నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఇప్పుడు కాదు.

చెల్లెలు


ఆసుపత్రి
ఫిబ్రవరి 17

చెల్లాయికి,

లెక్క రాశాను. కట్టు గుడ్డ చుట్టి వచ్చిన అట్ట మీద రాసుకుంటూ పోతే పద్నాలుగో వరసకు నిజంగానే పదహారు వేలు దాటింది. పక్క మంచం వాళ్ళ అమ్మ నేనేదో జాతకం రాస్తున్నాననుకుంది.

మీ బావకు చదివి వినిపించాను. ఎక్కువ సేపు మెలకువగా ఉండరు, ఉన్నంతలో వింటారు. విని అన్నారు: “ఒక్కడితోనే వేగలేనని ముప్పొద్దులా అంటావు కదా. అక్కడ మీ చెల్లెలు నన్ను వేలమందిని చేస్తోంది. ఏం చేస్తావో చూస్తా.” నర్సు నవ్వింది. నేనూ నవ్వి బయటికొచ్చి ఏడ్చాను.

ఒకటడుగుతాను, తెలివితక్కువ ప్రశ్న అనుకోకు. నేను కుట్టుపని మనిషిని. గుడ్డను రెండుగా కోస్తే రెండూ సగం ముక్కలే. సగాన్ని కోస్తే పావు. నీ కణం రెండైతే రెండూ నిండుగానే ఎలా ఉంటాయి? పద్నాలుగోసారికి చిల్లరపేలికలు కావాలి కదా.

అక్క


ప్రయోగశాల
ఫిబ్రవరి 22

అక్కా,

ఈ పనిలో పదకొండేళ్ళుగా ఉన్నాను. ఇంత సరైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

చీలకముందే కణం తనలో ఉన్న ప్రతిదాన్నీ పెంచుకుంటుంది. ముఖ్యమైనది దారం. మనిషి ఎలా ఉండాలో, చర్మం ఎలా ఉండాలో రాసి ఉన్న దారం. ఒక్కో కణంలో ఉన్న దారమంతా కొసకు కొస కలిపి సాగదీస్తే మనింటి తలుపంత పొడవు. కంటికి కనిపించని చుక్కలో అంతా చుట్టుకుని ఉంటుంది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇంకో ప్రతి రాసుకుంటుంది కణం. ఏడెనిమిది గంటల పని. రాసింది మళ్ళీ సరిచూసుకుంటుంది, తప్పులుంటే దిద్దుకుంటుంది. ఆ తర్వాతే చీలడం మొదలు. అందుకే రెండూ నిండుగా ఉంటాయి.

తర్వాతది మాటల్లో చెప్పడం కష్టం, నిన్న మధ్యాహ్నం చూసింది చెబుతాను. బావ గిన్నెలు కావు. వాటిని అంతసేపు దీపం కింద ఉంచకూడదు. నేర్చుకునేవాళ్ళ కోసం ఉంచిన కణాలకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

పలకలా పరుచుకుని ఉన్న కణం అంచులు లాక్కుని గుండ్రంగా ముడుచుకుంది. లోపల దారం కండెలుగా చుట్టుకోవడం మొదలైంది. మొత్తం నలభై ఆరు కండెలు. ఒక్కొక్కటీ జంట, దానికి దాని ప్రతి నడుము దగ్గర అంటుకుని ఉంటుంది. వాటి చుట్టూ ఉన్న పొర కరిగిపోయింది. కణానికి రెండు కొసల నుంచీ సన్నటి తాళ్ళు బయల్దేరాయి. వాటికి కళ్ళు లేవు. ముందుకు సాగి తడుముతాయి, ఏమీ దొరక్కపోతే వెనక్కి కుంచించుకుపోతాయి, మళ్ళీ సాగుతాయి. అలా తడుముతూ ఒక్కో జంటనూ ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి పట్టుకుంటాయి. అటూ ఇటూ లాగుడు సమానమయ్యాక ఆ జంట సరిగ్గా నడిమధ్యకు వచ్చి నిలబడుతుంది.

చాలావరకు వచ్చి వరసలో నిలబడ్డాయి. ఒక్కటి మాత్రం ఓ మూల ఉండిపోయింది. దానికి ఒకవైపు తాడే దొరికింది, రెండోది దొరకలేదు. మిగతావన్నీ ఆగాయి. అక్కా, నిజంగా ఆగాయి. ఆ ఒక్కదాన్నీ రెండు వైపులా పట్టుకునేదాకా ఏదీ విడిపోదు. పట్టుబడని కండె ఒకటున్నా సరే, ఆగమనే కబురు కణమంతా తిరుగుతూనే ఉంటుంది. ఇరవై నిమిషాలు చూశాను. టీ చల్లారిపోయింది. చివరికి రెండో తాడు దాన్ని అందుకుంది. అది మెల్లగా జరిగి వరసలో కలిసింది. ఆ వెంటనే అన్ని జంటలూ ఒక్కసారిగా విడిపోయాయి. నలభై ఆరు అటు, నలభై ఆరు ఇటు. నడుము దగ్గర కణం సన్నబడింది, ఇంకా సన్నబడింది, రెండైంది. రెండూ నెమ్మదిగా పరుచుకుని పడుకున్నాయి.

పుస్తకాల్లో దీన్ని సమవిభజన అంటారు. పరీక్షకు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పటికి కొన్ని వేలసార్లు చూసుంటాను. నిన్న మళ్ళీ ఒళ్ళు జలదరించింది. ఎవరు చెప్పారు వాటికి ఆగమని?

పంపడం కొంచెం అటూ ఇటూ కావచ్చు. కంగారుపడకు.

చెల్లెలు


ఆసుపత్రి
ఫిబ్రవరి 27

చెల్లాయికి,

ఉత్తరం అందింది. ఆయన బాగానే ఉన్నారు. అటూ ఇటూ అంటే ఎన్ని రోజులు?

అక్క


ప్రయోగశాల
మార్చి 3

అక్కా,

నీ రెండు ముక్కల ఉత్తరం చూసి ఇక దాచలేకపోయాను.

ఫిబ్రవరి ఇరవయ్యో తారీకు పొద్దున గిన్నెలు తీస్తే సగంపైన మసకబారి ఉన్నాయి. బూజు. పక్క అరలోని గిన్నెల నుంచి పాకిందో, నేను మూత తీసినప్పుడు పడిందో తెలియదు. నేను తీసినప్పుడే అయ్యుండొచ్చు. బూజు పట్టిన గిన్నెల పక్కనున్నవి కూడా ఉంచకూడదు. అన్నీ పారేశాం. నా చేత్తోనే పారేశాను. రెండ్రోజుల తర్వాత కూర్చుని నీకు కండెల గురించీ తాళ్ళ గురించీ అంత పొడుగు ఉత్తరం రాశాను. ఇది రాయలేక అది రాశాను. అందులో రాసిందంతా నిజమే, రాయనిది ఇది.

గడ్డకట్టించి దాచినవి ఉన్నాయని చెప్పాను కదా. ఆ రోజే తీసి కరిగించాం. వాటిలో కొన్ని లేవవు. మొదటి రోజు గిన్నె అడుగున చెల్లాచెదురుగా చుక్కల్లా పడి ఉన్నాయి, ఏ కదలికా లేదు. రెండో రోజూ అంతే. పెద్దమేడమ్ వచ్చి నా వెనక నిలబడి చూసి వెళ్ళింది. మూడో రోజు ఒకటి గుండ్రంగా ముడుచుకోవడం చూశాను. ఒక గంట తర్వాత అక్కడ రెండున్నాయి. ఇప్పుడు గిన్నెల్లో దీవులు దీవులుగా పెరుగుతున్నాయి. కానీ నీకు చెప్పిన తేదీకి పది రోజులు ఆలస్యం.

తిట్టాలనిపిస్తే తిట్టు.

చెల్లెలు


ఆసుపత్రి
మార్చి 8

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి మడిచి సంచి అడుగున పడేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు. నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు.

కానీ నేనూ దాచాను. ఆయన బాగానే ఉన్నారని రాశాను కదా. ఆ రోజు ఆయన ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది, చీము రక్తంలోకి పాకిందన్నారు. నీ చర్మం వేళకు వచ్చినా ఆ వారం ఆపరేషను గదికి తీసుకెళ్ళేవాళ్ళు కాదని డాక్టరమ్మ అంది. నన్ను ఓదార్చడానికే అందేమో. అయినా నమ్మాను.

జ్వరం కన్నా నన్ను భయపెట్టింది వేరే ఉంది. కట్లు మార్చి వెళ్ళాక ఆయన నా వైపు తిరక్కుండా, ఇక చాలు, వాళ్ళను ఆపేయమను అన్నారు. మందిస్తే నోరు బిగించారు. మూడు రోజులు ఒక్క మాట లేదు. మాటకు మాట అందించే మనిషి అలా పడుంటే, చూడలేకపోయాను. ఇంకేం చేయాలో తోచక నీ పొడుగు ఉత్తరం తీసి చదవడం మొదలుపెట్టాను. వింటున్నారో లేదో తెలియదు. మూలనున్న ఆ ఒక్కదాని కోసం మిగతావన్నీ ఆగిన చోటికి వచ్చేసరికి కళ్ళు తెరిచారు. మళ్ళీ చదవమన్నారు. చదివాను.

ఆయన బాయిలరు మనిషి. వత్తిడి చూపించే ముల్లు తన కళ్ళతో చూసుకోకుండా ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి వాల్వు ముట్టుకోలేదు. విన్నాక అన్నారు: “అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్ళు నా లోపల ఉన్నారని నాకు తెలీదే.”

తర్వాత మందు తాగారు. నిన్నటి నుంచి జ్వరం దిగుతోంది.

నిన్ను తిట్టను. పెంచు.

అక్క


ప్రయోగశాల
మార్చి 16

అక్కా,

ఈ ఉత్తరంతో పాటే అరవై చర్మపు రేకులు వస్తున్నాయి. వీపుకూ చేతులకూ. కాళ్ళవి ఇంకో పది రోజుల్లో పంపుతాను. ఒక్కో రేకూ నా అరచేయంత, ఉల్లిపొర కన్నా పలచన. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అటువైపు కిటికీ కనిపిస్తుంది. కణాలు పెరిగి పెరిగి ఒకదానికొకటి తగిలాక, ఖాళీ లేదని తెలుసుకుని పక్కకు పెరగడం మానేస్తాయి. ఒకదానిమీద ఒకటి మూడు నాలుగు వరసలు పేర్చుకుంటాయి. గిన్నె నుంచి వాటిని ఊడదీసి, మెత్తటి గుడ్డకు అంచుల దగ్గర క్లిప్పులు పెట్టి, పెట్టెల్లో సర్దాను. ఊపిరి బిగబట్టి చేశాను. రేపటిలోగా ఒంటికి చేరాలి, లేదంటే పనికిరావు.

ఈ గడువు మాటొచ్చింది కాబట్టి అమ్మ సంగతి చెప్పేస్తాను.

నాలుగేళ్ళ కిందట ఆ వారం నా గిన్నెల్లో ఉన్నదీ ఇలాంటి రేకులే. అంకె పక్కన వయసు రాసి ఉంది, ఆరేళ్ళు. నాతో పనిచేసే ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, ఊడదీయడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మకు ఫోను చేసి, పొద్దున్నే బయల్దేరి వచ్చేస్తానన్నాను. ఏం పని మీదున్నావని అడిగింది. చెప్పాను. “ఆ పిల్లను చూసుకో. నా దగ్గర అక్క ఉందిగా,” అంది. గొంతు బాగానే ఉంది, అందుకే ఇంకో రెండు రోజులుంటుందనుకున్నాను. రేకులు పంపి బస్సెక్కేసరికి అమ్మ పోయిందని నీ కబురొచ్చింది.

నువ్వు ఆ మాటన్నప్పుడు ఇది చెప్పాల్సింది. చెబితే తప్పు అమ్మ మీదకు నెట్టినట్టుంటుందని చెప్పలేదు. తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడానికి మొహం చెల్లలేదు.

చెల్లెలు


ఆసుపత్రి
మార్చి 29

నా చిట్టికి,

ముందు ఆయన సంగతి. పదిహేడున పెట్టారు. పెట్టడానికే అయిదు గంటలు పట్టింది. పది రోజులు బోర్లా పడుకోబెట్టారు, కదలకూడదన్నారు. కదలకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పనేనా? అయింది. తుమ్ము వస్తే కూడా డాక్టరమ్మ అనుమతి అడిగారు.

మొన్న కట్టు విప్పారు. నన్ను కూడా ముసుగూ గౌనూ తొడిగి లోపలికి రానిచ్చారు. గుడ్డ ఒక్కో మూల నుంచి తడిపి తీస్తుంటే డాక్టరమ్మ పెదాలు బిగించి ఉంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను, వీపు చూసే ధైర్యం లేదు. ఉన్నట్టుండి ఆవిడ పెదాలు వదులయ్యాయి. అప్పుడు చూశాను. మెరుస్తున్న గులాబీ రంగు పొర, ముత్యపు చిప్ప లోపలి వైపులా. భుజం కింద రెండు మూడు చోట్ల పట్టలేదు, మళ్ళీ పెడతారట. మిగతా వీపంతా ఉంది. తపాలా బిళ్ళంత ముక్క పోయింది, మనిషి వీపు తిరిగొచ్చింది.

అమ్మ మాట. ఆఖరి రోజు అమ్మ గుమ్మం వంక చూస్తుంటే నీ కోసమే అనుకున్నాను. చెల్లి రాలేదని బాధగా ఉందా అని నేను అడిగుంటే చెప్పేదేమో. నేను అడగలేదు, నాకు నేనే అనేసుకుని నాలుగేళ్ళు నీ మీద కోపం మోశాను. మొన్న ఆ వీపు చూస్తున్నప్పుడు, ఆ ఆరేళ్ళ పిల్ల కట్టు విప్పిన రోజు పక్కన ఎవరు నిలబడ్డారోనని అనిపించింది. తల్లే అయ్యుంటుంది. ఆవిడ కూడా నాలాగే డాక్టరు మొహం చూస్తూ నిలబడి ఉంటుంది.

నన్ను క్షమించు అని రాయడానికి చేయి రావడం లేదు, చిన్నప్పటి నుంచీ నాకా అలవాటు లేదు. రాశాననుకో.

అక్క


ప్రయోగశాల
ఏప్రిల్ 10

అక్కా,

అనుకున్నాను.

కాళ్ళవి కూడా పట్టాయని డ్రైవరు పెద్దాయన చెప్పాడు. ఉత్తరం లేకుండా నోటితోనే చెప్పాడు, వ్యాను దిగుతూనే, ఇంకా తలుపైనా వేయకుండా.

పని అయిపోయాక మిగిలిన గిన్నెలు పారేయాలి, అది పద్ధతి. ఈరోజు బావ గిన్నెలు మూడు మిగిలాయి. పారేసే ముందు ఒకసారి చూద్దామని మైక్రోస్కోపు కింద పెట్టాను. అంచు దగ్గర ఒక కణం అప్పుడే గుండ్రంగా ముడుచుకుంటోంది. తనను ఇక ఎవరూ వాడరని దానికి తెలియదు. అదే శ్రద్ధ, అదే వరస. అది పూర్తయ్యేదాకా కూర్చున్నాను. పెద్దమేడమ్ తన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

మే మొదటి వారంలో సెలవు పెట్టాను. వస్తున్నాను.

చిట్టి


ఇల్లు
ఆగస్టు 21

చిట్టికి,

నువ్వు వెళ్ళాక రాయలేదని అలిగావట, ఆయన చెప్పారు. మీరిద్దరూ ఫోనులో నా మీద చాడీలు చెప్పుకోవడం నాకు తెలియదనుకోకండి.

అంతా బాగుందని రాయను, నీతో అబద్ధం ఎందుకు. ఆ చర్మానికి చెమట పట్టదు, అందుకని ఎండలో పది నిమిషాలు ఉండలేరు. వెంట్రుక మొలవదు. కాస్త గట్టిగా రాసుకుంటే బొబ్బలు. మోచేతులు పూర్తిగా చాపలేరు, రోజూ పొద్దున వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. మచ్చలు ఉబ్బకుండా ఒంటికి బిగుతుగా ఉండే చొక్కా వేసుకోవాలన్నారు. ఆసుపత్రిలో ఇచ్చినది చంకల్లో ఒరుసుకుంటోందని నేనే కుట్టాను, నాలుగుసార్లు విప్పి కుట్టాను. లాండ్రీ వాళ్ళు కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. చూద్దామన్నారు ఈయన.

అన్నిటికన్నా ఆయన్ను బాధపెట్టింది వేరే. వీపు ఉందని అద్దంలో కనిపిస్తుంది గానీ, తనకు తెలియదట. నేను చేయి వేసినా గోడ మీద వేసినట్టే ఉంటుందన్నారు. నరాలు కింద నుంచి మెల్లగా పాకి వస్తాయి, రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. నువ్వు వచ్చినప్పుడు ఇది చెప్పొద్దని ఆయనే నన్ను ఆపారు.

ఈరోజు మధ్యాహ్నం చొక్కా విప్పి నూనె రాసి, ఆరడానికి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. నేను ఇటు మిషను మీదున్నాను. ఒక వరస కుట్టు పూర్తయింది. తర్వాత, ఎవరికైనా వినబడితే చెడిపోతుందన్నట్టు, చాలా మెల్లగా పిలిచారు.

“ఇదిగో. నా వీపు మీద ఈగ వాలిందా?”

మిషను ఆపి లేచి చూశాను. ఎడమ భుజం ఎముక కింద, కొత్త చర్మం మీద, చిన్న ఈగ. ముందు కాళ్ళు రాసుకుంటూ నిలబడింది. రెండడుగులు నడిచింది. అది నడిచినంత మేరా ఆయన చర్మం సన్నగా వణికింది.

వాలిందన్నాను.

తోలలేదు. ఇద్దరం కదలకుండా ఉండిపోయాం, అది తనంతట తాను ఎగిరిపోయేదాకా.

అక్క